హాజరు పట్టీలో ‘ఏటి’

నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. అంటే మా అయ్యకు తల్లి పేరు, మా అమ్మకు అత్త పేరు. మా శ్రీకాకుళం వైపు కోడలు అత్త పేరు నోటితో పలకదు. పలికితే ఆ మనిషి ఆయుష్షు తరుగుతుందని కొందరంటారు, మర్యాద కాదని కొందరంటారు. కారణం ఏదైనా పలకరు, అంతే. అదే పేరు కన్నకూతురికి ఉంటే కూతురినీ ఆ పేరుతో పిలవరు. అందుకని నేను పుట్టినప్పటి నుంచి అమ్మకు ‘గుంట’ను, ‘అమ్మి’ని, కోపమొస్తే ‘ఒలే’ను. నన్ను పేరు పెట్టి పిలిచేది అయ్య ఒక్కడే. మేము బతకడానికి బెంగాల్ వచ్చాం, ఆయన అక్కడి ఓడరేవు డాకులో షిఫ్టు పని చేసేవాడు. ఆయన ఇంట్లో మెలకువగా ఉన్న కాసేపే నా పేరు నాకు వినపడేది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇన్నేళ్ళూ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు కొత్తగా చదివేవాళ్ళకు మాత్రం దేనికి?

నన్ను బడిలో చేర్చిన రోజు అయ్యకు పొద్దుటి షిఫ్టు. ఓడలో సరుకు తొందరగా దించాలని సెలవు ఇవ్వలేదు. అందుకని అమ్మ తీసుకువెళ్ళింది. మేముండేది వాట్‌గంజ్‌లో, డాకు గోడకు ఇవతల ఒక సందులో. సందులో తెలుగువాళ్ళవి నాలుగిళ్ళు, మిగతావాళ్ళు బీహారీలు, ఒరియావాళ్ళు, బెంగాలీలు. తెలుగు బడి ఒకటి ఉందని వినేవాళ్ళం. అక్కడికి ఖిదిర్‌పూర్ దాకా నడిచి ట్రామ్ ఎక్కాలి. అయిదున్నరేళ్ళ పిల్లను రోజూ ఎవరు దించి వస్తారు? సందు చివరనే ప్రైమరీ బడి ఉంది. రెండు గదులు, బెంగాలీ మీడియం. ఆ రోజుల్లో సర్కారు బళ్ళలో కింది తరగతులకు ఇంగ్లీషు తీసేశారు కాబట్టి బెంగాలీ తప్ప అక్కడ నేర్చుకునేది మరేమీ లేదు.

గదిలో బల్ల వెనక దిదిమొని కూర్చుని ఉంది. పంతులమ్మను అక్కడ అలా పిలుస్తారు. ఆమె రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండా అమ్మను పిల్ల పేరేమిటని అడిగింది. అమ్మకు ఆ మాత్రం బెంగాలీ వచ్చు. చేపలవాడితో బేరమాడి నేర్చుకున్న బెంగాలీ. కానీ చెప్పలేదు. చెప్పకూడని పేరు కదా. నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

“సెప్పు,” అంది.

సరిగ్గా అప్పుడే వరండాలో వేలాడదీసిన ఇనపముక్క మీద గంట కొట్టారు. నేను అటు చూస్తున్నాను. అమ్మ అన్నది వినపడలేదు. ఆమె వైపు తిరిగి, ఏమిటని మా యాసలో అడిగాను.

“ఏటి?”

“ఎటి?” అంది దిదిమొని. కళ్ళజోడు సర్దుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇంకో దిదిమొని వైపు తిరిగి నవ్వింది. “మాద్రాజీదేర్ కీ నామ్ రే బాబా! ఎటి!” అంది, ఈ మద్రాసీల పేర్లు చూడు అన్నట్టు. రాసేసింది.

బెంగాలీలో ‘ఎటి’ అంటే ‘ఇది’. బల్లను చూపించి ఎటి, పిల్లిని చూపించి ఎటి. ఒక తల్లి తన బిడ్డకు ‘ఇది’ అని పేరు పెట్టుకుంటుందా అని ఆమెకు సందేహం రాలేదు. మాద్రాజీలు ఏమైనా పెట్టుకుంటారు, వాళ్ళకేం? మేము మద్రాసు ముఖం ఎన్నడూ చూసినవాళ్ళం కాము. ఆమె నవ్వితే అమ్మ కూడా నవ్వింది. పిల్ల పేరు చెప్పింది, అమ్మగారు మెచ్చుకుంది అనుకుంది. చూపించిన చోట వేలిముద్ర వేసింది. ఆ నవ్వుకు నేను అమ్మను తప్పుపట్టను. ఆ తరవాత చేసినదానికి తప్పుపడతాను.

మొదటి కొన్ని రోజులు నేను బడికి రాలేదట. హాజరు పట్టీలో అలా ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి చాప మీద మూడో వరసలో కూర్చునేదాన్ని. దిదిమొని పేర్లు చదువుతూ పోయేది. ‘ఎటి’ దగ్గర ఆగేది. అందరి వైపూ చూసేది. నేనూ ఆ పిల్ల ఎవరా అని చుట్టూ చూసేదాన్ని. గైర్హాజరు వేసి ముందుకు వెళ్ళిపోయేది. ఒకరోజు చివరకు పిల్లలను లెక్కపెట్టి, పట్టీలో హాజరు పడినవాళ్ళకంటే చాప మీద ఒకరు ఎక్కువున్నారని కనిపెట్టింది. నా దగ్గరకు వచ్చి చెవి పట్టుకుని లేపింది. “చెవుల్లోకి మాట పోదా?” అని బెంగాలీలో అడిగింది. నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మా ఇంట్లో ఏమంటామో అదే అన్నాను.

“ఏటి?”

“హ్యా, ఎటి. తుయి ఎటి,” అంది. నువ్వే ఎటి. క్లాసంతా నవ్వింది.

అక్షరాల సంగతి కూడా చెబుతాను. బడికి పంపేముందు అయ్య నా చేత పలక మీద అ, ఆ, ఇ, ఈ దిద్దించాడు. డాకు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నా వేలు పట్టుకుని దిద్దించేవాడు. బడిలో అదే మొదటి అక్షరం చూపించి దిదిమొని బెంగాలీ పలుకుబడిలో ‘ఒ’ అంది. మొదటి అక్షరం ‘అ’ అని నాకు బాగా తెలుసు. గట్టిగా ‘అ’ అన్నాను. బెత్తంతో చేతి మీద ఒకటి పడింది. మర్నాడు మళ్ళీ ‘అ’ అన్నాను. మళ్ళీ పడింది. మూడోరోజు కూడా అన్నాను. నాలుగోరోజు ‘ఒ’ అన్నాను. ఇంటికి వచ్చి అయ్యకు చెప్పలేదు. ఆయన అంత కష్టపడి నేర్పింది బడిలో పనికిరాదని ఏ నోటితో చెప్పను?

కానీ అక్షరాలు ఒక ఎత్తు, వస్తువుల పాఠం ఒక ఎత్తు. రోజూ భోజనాల గంటకు ముందు దిదిమొని బొమ్మల అట్టలు ఒక్కొక్కటి ఎత్తి చూపించి “ఎటి కీ?” అని అడిగేది. ఇది ఏమిటి? క్లాసు మొత్తం సాగదీసి జవాబు చెప్పాలి. ఇది ఆవు. ఇది కుక్క. ఇది కోతి. ఆ పాఠం మొదలైన రెండో రోజుకే పిల్లలకు విషయం అందిపోయింది. అట్ట మీద ఆవు కనపడగానే నలభై తలలు నా వైపు తిరిగేవి.

“ఎటి గొరు!”

అంటే ఎటి ఆవు. కుక్క బొమ్మ వస్తే ఎటి కుకుర్. కోతి వస్తే ఇక చెప్పక్కర్లేదు. దిదిమొని బెత్తంతో బల్ల మీద కొట్టేది కానీ ఆమె పెదవుల చివర కూడా నవ్వు ఉండేది. నేను చూశాను. అట్టల మీద ఏవేవి ఉండేవో నాకు ఇప్పటికీ వరసగా గుర్తు: ఆవు, కుక్క, కోతి, గాడిద, గిన్నె, చీపురు. చీపురు నాడు వెనక వరస పిల్ల ఒకతి నా జడ పట్టుకుని నేల ఊడ్చినట్టు ఆడించింది. నేను వెనక్కి తిరిగి కోపంగా “ఏటి?” అని అరిచాను. అదొక్కటే వచ్చింది నోటికి. నా వెక్కిరింపు నేనే చెప్పుకున్నట్టయింది. వాళ్ళు చాప మీద పడి దొర్లారు.

ఇంటికి వస్తే ఇంట్లో కూడా అదే మాట. “ఏటే, అలగున్నావు?” అనేది అమ్మ. “ఏటి తిన్నావు?” “ఏటయినాది?” మా ఇళ్ళల్లో నాలుగు మాటలాడితే రెండు ఏటిలుంటాయి. నేను చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. బడికి వెళ్ళనని మొండికేశాను. కొట్టింది. అప్పుడు మొత్తం చెప్పాను.

అమ్మకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక నోట్లో కొంగు పెట్టుకుంది.

“నువ్వెందుకు సెప్పలేదు నా పేరు?” అన్నాను.

“అత్త పేరు నాను ఎలగ సెప్తానే?”

“అది నా పేరు.”

“నీదే. ముందు ఆవిడది కదా.”

అయ్య వచ్చాక ఆయనకూ చెప్పాను. ఆయన విని పకపకా నవ్వాడు. నలభై మంది పిల్లలు నవ్వింది ఒక ఎత్తు, ఆయన నవ్వింది ఒక ఎత్తు. నా ముఖం చూసి ఆపేశాడు. “ఊరుకో, రేపే మార్పించేస్తాను” అని నా పేరు పెట్టి పిలిచాడు. ఆ నవ్వు మాత్రం అప్పటికే నవ్వేశాడు. దాన్ని వెనక్కి ఎలా తీసుకుంటాడు?

రేపు అన్నది వారాలయింది. షిఫ్టు మార్చుకుని బడికి వెళితే హెడ్‌మాస్టారు లేడు, టీచర్ల సంఘం మీటింగుకు వెళ్ళాడు. ఇంకోసారి వెళితే బంద్. మూడోసారి దొరికితే, రాసింది రాసిందే, రిజిస్టరులో కొట్టివేతలు కుదరవన్నాడు. అప్పుడు అయ్య యూనియన్ ఆఫీసుకు వెళ్ళాడు. నన్నూ తీసుకువెళ్ళాడు. ఆ రోజుల్లో ఏ పని కావాలన్నా పార్టీ మనిషి చేతి చీటీ ఉండాలి. రేషన్ కార్డుకూ చీటీ, ఆసుపత్రిలో మంచానికీ చీటీ. అక్కడి పార్టీ మనిషిని అందరూ దాదా, అంటే అన్న, అనేవారు. ఆయన మా అయ్యకంటే పదేళ్ళు చిన్నవాడు. అయ్య ఆయన్ని ‘ఆప్‌ని’ అంటుంటే ఆయన అయ్యను ‘తుమి’ అన్నాడు. మీరు అనేవాడికి నువ్వు. అయ్య పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

“ఎటి? మిష్టి నామ్!” అన్నాడు దాదా, నా బుగ్గ గిల్లి. “తీపి పేరు. ఉంచెయ్యి. బెంగాలీ పిల్లలా ఉంటుంది.”

“నై దాదా, ఏ నామ్ మేరీ మా కా హై, మా కా...” అంటూ అయ్య డాకు హిందీలో మొదలుపెట్టాడు. నా పిల్ల పేరు మా అమ్మది, అది పోతే మా అమ్మ పోయినట్టే అని ఏదో చెప్పాడు. దాదా టీ తాగుతూ విన్నాడు. మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ రమ్మన్నాడు. ఓట్లు దగ్గరకొచ్చాక మా సందు తెలుగువాళ్ళందరినీ ఊరేగింపుకు తీసుకురమ్మన్నాడు, అయ్య తీసుకువెళ్ళాక చీటీ రాసిచ్చాడు.

చీటీకి బలముంది. హెడ్‌మాస్టారు అది చదివి అయ్యకు కుర్చీ చూపించాడు. నాతో కూడా నవ్వుతూ మాట్లాడాడు. అయ్య ఎవరిచేతనో బెంగాలీలో రాయించుకెళ్ళిన నా పేరు కాగితం తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు.

“నాకు అభ్యంతరం లేదు,” అన్నాడు. “కానీ చేర్చింది తల్లి. వేలిముద్ర తల్లిది. ఆమె ఒక పేరు చెప్పింది, నువ్వొక పేరు చెబుతున్నావు. ఒకరి పిల్లను ఇంకొకరి పేరుతో చదివించేవాళ్ళున్నారు. ఆమెను ఒక్కదాన్నే పంపించు. నా ఎదట నిలబడి ఆమె నోటితో ఈ కాగితం మీదున్న పేరు చెబితే చాలు. అప్పటికప్పుడు కొట్టేసి రాస్తాను.”

అంత సులువు. ఒక్క మాట.

ఆ వారంలోనే ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. నాయనమ్మ మంచం పట్టిందట. అన్నం లోపలికి పోవడం లేదట. అయ్య షిఫ్టులో ఉంటే పక్కింటాయన చదివి వినిపించాడు. అమ్మ ఉత్తరం తీసుకుని దేవుడి పటం వెనక పెట్టింది.

“ఒక్క మాట సెప్పేసి వచ్చీ,” అన్నాడు అయ్య.

“అత్త మంచమ్మీదుంటే నాను నోటితో పేరెట్టి పిలవాలా?”

“అత్తని కాదే, గుంటని.”

“పేరు ఒకటే కదా మావా. నాను ఏ మనిసిని అన్నానో పైనున్నోడికి ఏటి తెలుస్తాది?”

“పైనోడికి అంత మాత్రం తెలీదేటి?”

“దిదిమొనికి తెలిసిందేటి?”

“నాను సెప్పమంటన్నాను కదా. పాపం నాది,” అన్నాడు అయ్య.

“పాపం నీదైతే పానం ఎవురిది?”

రెండు రోజులు ఇల్లంతా అదే. నేను అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను, ఉపమానం కాదు. బియ్యం ఏరుకుంటుంటే చేట పక్కకు తోసి పట్టుకున్నాను. కోతి అట్ట సంగతి మళ్ళీ చెప్పాను. చీపురు సంగతి చెప్పాను. చివరకు, “సరే, లే. సెప్తాను” అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

మర్నాడు బడి వదలకముందే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. నన్ను క్లాసులోంచి పిలిపించి హెడ్‌మాస్టారి గదిలో అమ్మ పక్కన నిలబెట్టారు. దిదిమొని రిజిస్టరు పట్టుకుని నిలబడింది. హెడ్‌మాస్టారు కలం మూత తీశాడు. నేను ఆ కలం వైపే చూస్తున్నాను.

“బోలున్ మా,” అన్నాడు. చెప్పండమ్మా.

అమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

“బోలున్.”

అమ్మ నా వైపు చూపించింది. ఇది చెబుతుంది అన్నట్టు. నేను ఊపిరి పీల్చుకుని నా పేరు గట్టిగా చెప్పాను. వరండా దాకా వినపడేలా చెప్పాను. హెడ్‌మాస్టారు నాకు వేలు చూపించాడు.

“నువ్వు ఉండు. ఆ రోజూ నువ్వే కదా చెప్పావు. ఇవాళ తల్లి చెప్పాలి.”

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, చుట్టుకుంది. నేను ఆమె చీర పట్టుకుని లాగాను. “అమ్మా, సెప్పీ. అమ్మా.” హెడ్‌మాస్టారు గోడ గడియారం చూశాడు. దిదిమొని, ఇంత ఆలోచించుకునే పేరు కన్నతల్లికి ఉంటుందా అని బెంగాలీలో ఆయనతో అంది. ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకుని, ఉన్న పేరు మీద వేలు పెట్టి చివరిసారి అడిగాడు. అయితే ఇందులో ఉన్న పేరు ఏమిటమ్మా?

“ఎటి,” అంది అమ్మ.

హెడ్‌మాస్టారు కలం మూత పెట్టేశాడు.

చచ్చేదాకా అమ్మ దీని గురించి ఒకటే చెప్పింది. ఆయన ఏమన్నాడో తెలీక ‘ఏటి?’ అని అడిగిందట, అంతేనట. అడగలేదు. అడిగే ‘ఏటి’కి గొంతు చివర పైకి లేస్తుంది. ఆ రోజు ఆమె గొంతు కిందికి దిగింది. నేను పక్కనే ఉన్నాను, చీర పట్టుకుని. పలకకూడని పేరు ఒకటి, పలకగలిగిన పేరు ఒకటి ఎదురుగా ఉంటే ఆమె పలకగలిగింది పలికింది. పెద్దయ్యాక ఎన్నోసార్లు ఒప్పుకోమన్నాను. ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చాక అమ్మ దేవుడి పటం ముందు కూర్చుంది. ఆమె ముఖంలో దిగులు లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉంది. అయ్య వచ్చి విషయం విన్నాడు. అరవలేదు, కొట్టలేదు. “సరే, పై ఏడాది సూద్దాం” అన్నాడు. పై ఏడాది ఎవరూ చూడలేదు.

అమ్మ అంతగా కాపాడుకొచ్చిన ప్రాణం నెల తిరక్కుండానే పోయింది. టెలిగ్రాం వచ్చింది. అయ్య ఊరికి వెళ్ళి గుండుతో తిరిగొచ్చాడు. వచ్చాక నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఒకసారి పిలవబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. అప్పటి నుంచి ‘అమ్మా’ అనేవాడు. అందులో ఆయనకు ఏదో ఓదార్పు ఉండి ఉంటుంది. నాకేం మిగిలింది? పలికేవాడు ఒక్కడుండేవాడు, వాడూ మానేశాడు.

పేరు పోయిందని నాకు తెలిసిన తరవాత బడి తేలికయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. పట్టీలో పిలిస్తే పలికాను. ‘ఒ’ అన్నాను. సందులో గోడల మీద ఎర్రరంగుతో రాసిన ఓటు రాతలు కూడబలుక్కుంటూ ఇంటికి వచ్చేదాన్ని. బొమ్మల పాఠంలో నేనూ అందరితో కలిసి అరిచాను, ఎటి గొరు, ఎటి కుకుర్. నేను అరవడం మొదలుపెట్టాక వాళ్ళకు సరదా పోయింది, నా వైపు తిరగడం మానేశారు.

ఒకటో తరగతిలో ఎవరినీ తప్పించేవారు కాదు. అయినా ఏడాది చివర ఒక పరీక్ష పెట్టారు. కాగితం పైన ఎవరి పేరు వాళ్ళు రాయాలి. నేను ‘ఎటి’ అని రాశాను. రెండే అక్షరాలు. గుండ్రంగా, పైగీత చెరగకుండా రాశాను. దిదిమొని వరసల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగి, ఆ కాగితం తీసుకుని క్లాసుకు చూపించింది. “చూడండి, రాత అంటే ఇలా ఉండాలి” అంది. ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఆ సంతోషాన్ని కూడా నేను రాసి పెట్టుకున్నాను, మిగతా వాళ్ళు నాకు చేసినవాటి పక్కనే.

దిద్దిన కాగితం చేతికిచ్చాక ఇంటికి పరుగెత్తి అమ్మకు చూపించాను. అమ్మకు అక్షరం ముక్క రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. పైనున్న రెండక్షరాల మీద వేలు పెట్టింది.

“ఇదేనా నీ పేరు?”

“ఊఁ,” అన్నాను.

కాగితం మడిచి బియ్యం డబ్బా కింద దాచింది. కంచం పెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉంటే, పుట్టి ఇన్నేళ్ళకు మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది. భయం లేకుండా, గొంతు తగ్గించకుండా, పక్కిళ్ళకు కూడా వినపడేలా పిలిచింది.

“ఎటీ, కూడు తిందువు రా.”

వెళ్ళాను.